బ్రేక్‌బల్క్ యూరప్‌కి వెళ్తున్నారా? బ్రోచర్ కన్నా ముందు డ్రాయింగ్ పెట్టుకోండి

విశాఖ, హైదరాబాద్ నుంచి ప్రాజెక్ట్ కార్గో (కంటైనర్‌లో పట్టని భారీ సరుకు రవాణా) చేసేవాళ్లు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అహోయ్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో జరిగే బ్రేక్‌బల్క్ యూరప్ ట్రేడ్ షోకి మొదటిసారి వెళ్తుంటే స్టాల్ జోలికి పోకండి, విజిటర్‌గా వెళ్తే చాలు. అక్కడికి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి ఆ పని ముందే కానిచ్చేయండి, చివర్లో టెన్షన్ ఉండదు.

అసలు పని ఇక్కడే ఉంది. చేతిలో ఒక నిజమైన కార్గో ఎంక్వైరీ లేకుండా వెళ్తే విజిటింగ్ కార్డులు తప్ప ఏమీ రావు. యూరప్ నుంచి విశాఖకి ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ రావాలనుకోండి. తయారీదారు దగ్గర ట్రాన్స్‌పోర్ట్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి, కస్టమర్ పేరు చెరిపేసి నాలుగు కాపీలు తీయండి. పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటే సరిపోదు, సెంటర్ ఆఫ్ గ్రావిటీ (బరువు కేంద్రం), లిఫ్టింగ్ పాయింట్లు, లాషింగ్ పాయింట్లు (కదలకుండా కట్టే చోట్లు), జాక్ పెట్టే చోట్లు అన్నీ కనపడాలి. బరువు దగ్గర ఇంకా జాగ్రత్త: పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లని మామూలుగా నూనె తీసేసి డ్రై ఎయిర్ లేదా నైట్రోజన్ నింపి పంపుతారు, అందుకే సైట్‌లో నిలబెట్టాక ఉండే బరువు వేరు, షిప్పింగ్ బరువు వేరు. తప్పు అంకె చెప్తే మీకు వచ్చే రేటు కూడా తప్పే.

ఆ కాగితం బల్ల మీద పెట్టగానే మాట తీరే మారిపోతుంది, సేల్స్ మనిషి వెనక్కి తిరిగి ఇంజినీర్‌ని పిలుస్తాడు. బీబీసీ చార్టరింగ్ లాంటి షిప్ కంపెనీ అయితే ఓడ క్రేన్లు రెండూ కలిపి ఎంత ఎత్తుతాయి అని అడిగి ఊరుకోకండి, మన బరువుకి ఎంత అవుట్‌రీచ్ (క్రేన్ నుంచి బయటికి ఎంత దూరం) వరకు ఎత్తుతాయో అడగండి, ఎందుకంటే బూమ్ బయటికి చాచేకొద్దీ కెపాసిటీ పడిపోతుంది. మామూట్, సారెన్స్ లాంటి హెవీ లిఫ్ట్ వాళ్ల దగ్గర యాక్సిల్ లోడ్ (ట్రైలర్ ఒక్కో ఇరుసు మీద పడే బరువు) లెక్క అడగండి. విశాఖ నుంచి సైట్ దాకా దారిలో ఏ వంతెన, ఏ టోల్‌గేట్ ఇబ్బంది పెడుతుందో మాత్రం మీరే చెప్పాలి, అక్కడ మీ విలువంతా అదే.

అపాయింట్‌మెంట్లు ముందే పెట్టుకోండి, రోజుకి ఐదారు చాలు.

ఆ రాత్రే హోటల్ నుంచి డ్రాయింగ్ జత చేసి మెయిల్ కొట్టండి, ఊరెళ్లాక చూద్దాంలే అనుకోవద్దు. కొటేషన్ వచ్చాక రేటు ఒక్కటే చూసి పోల్చకండి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మినహాయింపులు చదవండి. లాషింగ్ ఎవరిది, పోర్టులో ఆలస్యమైతే డిటెన్షన్ (ఓడని ఆపినందుకు కట్టే డబ్బు) రోజుకి ఎంత, అవన్నీ అక్కడే రాస్తారు.