సైన్స్ సదస్సులో వేర్వేరు రంగాల పరిశోధకులను కలపడం ఎలా?

టీ విరామాన్ని పావుగంట పొడిగిస్తే పరిశోధకులు వాళ్లంతట వాళ్లే కలిసిపోతారని నిర్వాహకులు అనుకుంటారు. కలవరు. ఒకే గైడు దగ్గరి విద్యార్థులు ఒకే మూల నిలబడి సమోసాలు తిని లోపలికి వెళ్లిపోతారు. హైదరాబాద్‌లోని హబ్సిగూడ, తార్నాక ప్రాంతాన్నే చూడండి. జీవశాస్త్రానికి సీసీఎంబీ, రసాయనశాస్త్రానికి ఐఐసీటీ, భూభౌతిక శాస్త్రానికి ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం అన్నీ ఆటో దూరంలోనే ఉన్నాయి. అంత దగ్గరలో ఉన్నా పక్క సంస్థలో తన సమస్యకు సరిపోయే మనిషి ఉన్నాడని తెలియని వాళ్లు ఎందరో. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో జరిగిన ఒక ప్రయోగంలో, ఒకే గదిలో 90 నిమిషాల పాటు పద్ధతి ప్రకారం మాట్లాడుకున్న వాళ్లు కలిసి గ్రాంటుకు దరఖాస్తు చేసే అవకాశం 75 శాతం పెరిగింది. కలపడానికి ఒక గంట చాలు, ఇద్దరిద్దరుగా ఎదురెదురుగా కూర్చుని, బల్లలు మారుతూ మాట్లాడుకునే గంట. కానీ ఆ గంటను ముందే కట్టుదిట్టంగా తయారు చేయాలి.

కావలసినవి

40 మంది, 20 చిన్న బల్లలు, ఒక గంట సమయం, అట్టముక్కల చీటీలు. బ్యాడ్జి మీద పేరు, కింద ఊరు ఉంటే చాలు, హోదా వద్దు. పది మంది కూర్చునే గుండ్రటి బల్లలు వేయకండి. అక్కడ ఇద్దరు మాట్లాడతారు, ఎనిమిది మంది వింటారు.

చీటీ: పనంతా ఇక్కడే ఉంది

సదస్సుకు మూడు వారాల ముందు ప్రతి ఒక్కరినీ రెండే ప్రశ్నలు అడగండి. నా దగ్గర ఏముంది? నేను ఎక్కడ ఆగిపోయాను? ఒక్కో జవాబుకు 25 మాటలు, అంతకు మించకూడదు. ఆ రెండు జవాబులే చీటీ.

మొదటిసారి వచ్చే జవాబుల్లో చాలావరకు పనికిరావు. పత్ర సంగ్రహం (అబ్‌స్ట్రాక్ట్)లోని మొదటి వాక్యాన్ని తెచ్చి అతికిస్తారు. ఆ సంగ్రహం సొంత రంగం వాళ్ల కోసం రాసింది. అందులో సాధించింది ఉంటుంది, ఆగిపోయిన చోటు ఉండదు. బయటి రంగం మనిషి చేయి వేయగలిగేది ఆగిపోయిన చోటే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ వ్యాధినే తీసుకోండి. దాని కారణం ఇంకా తేలలేదు. నీళ్లు, నేల, ఎండదెబ్బ, మందుల వాడకం అన్నిటి మీదా అనుమానాలున్నాయి. ఇలాంటి సమస్య ఒక్క రంగంతో తేలేది కాదు. అయినా చీటీలో ఏం రాస్తారు? ‘ఉద్దానం మూత్రపిండ వ్యాధిపై బహుముఖ విశ్లేషణలో సహకారం కోరుతున్నాను’ అని. ఇది చదివి ఎవరూ ఏమీ చేయలేరు. ఉండాల్సింది ఇలా: ‘నా దగ్గర కవిటి, సోంపేట మండలాల బోరు నీళ్ల ఫలితాలు ఊరి వారీగా ఉన్నాయి. అవే ఊళ్ల క్రియాటినిన్ పరీక్షల లెక్క లేక ఆగిపోయాను.’ క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష. ఈ చీటీ చూసి డాక్టరు ఒక్క చూపులో ఔననో కాదనో చెప్పగలడు.

రెండో చిక్కు భయం. ఆగిపోయానని రాస్తే పెద్దవాళ్లు తక్కువగా చూస్తారనీ, ఆలోచన ఎవరైనా ఎత్తుకుపోతారనీ దాచేస్తారు. చీటీ ఎదురుగా కూర్చునే వాళ్లకు తప్ప ఇంకెవరికీ వెళ్లదని ఫారం పైనే రాయండి. ప్రచురించని ఫలితాలు అడగకండి, కావలసిన సాయం ఏమిటో మాత్రమే అడగండి.

మూడోది పరిభాష. వెక్టర్ అంటే గణితం వాళ్లకు దిశ ఉన్న రాశి, మలేరియా వాళ్లకు దోమ, జన్యుశాస్త్రం వాళ్లకు డీఎన్‌ఏను మోసుకెళ్లే ప్లాస్మిడ్ లాంటిది. ఇలాంటి మాట దొరికితే విప్పి రాయించాలి.

ఈ దిద్దుబాటు కమిటీకి అప్పగించకండి. ఒక్క మనిషే 40 చీటీలూ చదవాలి. ఒక్కోదానికి పది నిమిషాలు వేసుకున్నా ఏడు గంటల లోపు పని. వేరే డిపార్ట్‌మెంట్ ఎమ్మెస్సీ విద్యార్థికి చదివి వినిపించండి. అర్థం కాలేదంటే రాసినవాళ్లకు ఫోన్ చేసి అక్కడికక్కడే మార్పించండి. ఈమెయిల్ పంపితే పాత సంగ్రహమే కొంచెం పొడుగై తిరిగొస్తుంది.

జతలు కట్టడం

కీవర్డులతో జత చేసే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. ఒకే మాటలు వాడేవాళ్లను కలుపుతుంది కాబట్టి అది ఒకే రంగం వాళ్లనే ఎదురెదురుగా కూర్చోబెడుతుంది. చీటీలన్నీ నేల మీద పరిచి చేత్తో కట్టిన జతలే నిలబడతాయి. ఒక్కొక్కరికీ ఎనిమిది భేటీలు: అయిదు అవసరాన్ని బట్టి, మూడు లాటరీ వేసి. ఒకే సంస్థ, ఒకే గైడు, ఒకే రంగం వాళ్లు ఎదురుపడకూడదు. ఏ వంతుకు ఏ బల్ల దగ్గరికి వెళ్లాలో ఎవరిది వాళ్లకు అచ్చు వేసి ఇవ్వండి.

ఆ గంట

రెండో రోజు ఉదయం 9:30కి, మొదటి ఉపన్యాసానికి ముందు పెట్టండి. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, సందేశాలు అయ్యేసరికి ఎప్పుడూ ఆలస్యమే. అప్పుడు కోత పడేది ముందు దీనికే. ఒక్కో భేటీ ఆరు నిమిషాలు: చెరి రెండు నిమిషాలు చెప్పుకోవడం, రెండు నిమిషాలు ఇద్దరూ కలిసి మాట్లాడుకోవడం. బల్ల మారడానికి ఒక నిమిషం. ఎనిమిది వంతులకు 56 నిమిషాలు. వయసులో చిన్నవాళ్లే ముందు మాట్లాడాలి. ప్రొఫెసర్ మొదలుపెడితే విద్యార్థి ‘అవును సార్’ దగ్గరే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌లు మూసే ఉండాలి.

మధ్యాహ్న భోజనానికి జర్మనీలోని డాగ్‌స్టూల్ పద్ధతి తెచ్చుకోండి. అక్కడ కంప్యూటర్ సైన్స్ సదస్సుల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో నాప్‌కిన్ల మీది పేర్లతో ముందే నిర్ణయిస్తారు. బఫే లైనుకు వదిలేస్తే మళ్లీ పాత గుంపులే.

తర్వాత

కుదిరిన జత బల్ల దగ్గరి నుంచి లేచే ముందే చీటీ వెనక ఒక తేదీ, ఒక పని రాయాలి. ‘టచ్‌లో ఉందాం’ లెక్కలోకి రాదు. జ్ఞాపికల డబ్బు కొంత తగ్గించి, ఒకరి ల్యాబ్‌కు ఇంకొకరు వెళ్లిరావడానికి ప్రయాణ ఖర్చులు ఇవ్వండి. రెండు వారాలకు నిర్వాహకులే ఫోన్ చేసి అడగాలి. మనుషుల నమూనాలతో పనైతే ఎథిక్స్ కమిటీ అనుమతికి నెలలు పట్టొచ్చు, ఆ లోపు ఉత్సాహం చల్లారుతుంది. అందుకని మొదటి పనిగా, ఇప్పటికే అనుమతి ఉన్న డేటాను ఆ అనుమతి హద్దుల్లోనే ఇద్దరూ కలిసి చూసేలా పెట్టించండి.