డిసెంబర్ 31 రాత్రి బండి ఆపితే: ఊదే ముందు, ఊదిన తర్వాత

జనవరి మొదటి వారం వచ్చిందంటే, తాగి బండి నడుపుతూ దొరికినవాళ్లతో హైదరాబాద్ నాంపల్లి కోర్టు వరండాలో నిలబడడానికి చోటుండదు. చేతిలో చిన్న రసీదు కాగితం, ముఖంలో సిగ్గు, భయం. పక్కన భార్యో, తండ్రో. నేను 14 ఏళ్లుగా ఆ వరండాలోనే వకీలుగా ఉన్నాను. ప్రతి ఏడాదీ అవే ప్రశ్నలు వింటాను. వాటి జవాబులన్నీ పట్టుబడిన రాత్రి రోడ్డు మీదే తెలిసి ఉండాల్సినవి.

ముందే ఒక మాట చెప్పాలి. తాగి నడిపేవాళ్లను తప్పించడానికి ఇది రాయడం లేదు. తాగి లారీ నడిపినవాడి వల్ల మా మేనమామ ఎడమకాలు పోయింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆయనకు బత్తాయి తొనలు తినిపించడం ఇప్పటికీ గుర్తుంది. తనిఖీలు జరగాలి, ఇంకా ఎక్కువ జరగాలి. కానీ తనిఖీకి చట్టం ఒక పద్ధతి పెట్టింది. ఆ పద్ధతి తాగనివాణ్ణి కాపాడుతుంది, తాగినవాడికి కూడా న్యాయమైన విచారణ ఇస్తుంది.

సంగతి మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 185 చుట్టూ తిరుగుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. హెల్మెట్ లేనందుకు వేసే చలానాలాగా ఫోన్‌లో కట్టేసి మర్చిపోయేది కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. "చలానా ఎంతక్కా?" అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే.

సరే, బండి ఆపారు. ఇంజన్ ఆపండి, కారైతే లోపలి లైటు వేయండి, చేతులు కనబడేలా పెట్టండి. లైసెన్సు, ఆర్‌సీ అడిగితే డిజీలాకర్‌లోగానీ ఎంపరివాహన్‌లోగానీ చూపించవచ్చు, ఈ రెండు ప్రభుత్వ యాప్‌లలోని కాపీలు చట్టం ప్రకారం చెల్లుతాయి. తెర చూపిస్తే చాలు, ఫోన్ తీసి చేతికివ్వకండి. ఆల్కహాల్‌ను కొలిచే శ్వాస పరీక్ష మిషన్‌లోకి ఊదమని అడిగే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండాలి. సెక్షన్ 203 ఈ అధికారం యూనిఫాంలోని పోలీసు అధికారికి, లేదా మోటారు వాహనాల శాఖ అధికారికి ఇచ్చింది. మామూలు బట్టల్లో ఉన్న మనిషి మిషన్ నోటి దగ్గర పెడితే "అధికారి ఎవరు సార్?" అని మర్యాదగా అడగండి. ఊదాల్సింది బండి నడుపుతున్నవాళ్లు, నడపబోతున్నవాళ్లు మాత్రమే. వెనక సీట్లో కూర్చున్న స్నేహితుడు ఎంత తాగినా అతనికి ఈ పరీక్ష వర్తించదు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. "నేను ఊదను, నా హక్కు" అంటారు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పాల్సిన పని లేదని రాజ్యాంగం అధికరణ 20(3)లో అన్నమాట నిజమే. అయితే అది మాటకు వర్తిస్తుంది. వేలిముద్రల్లాంటి నమూనాలు ఇవ్వడం ఆ రక్షణలోకి రాదని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. పైగా సెక్షన్ 205 ఉంది. సరైన కారణం లేకుండా ఊదనంటే, రక్తం ఇవ్వనంటే, ఆ నిరాకరణనే కోర్టు మీకు వ్యతిరేకమైన సంగతిగా లెక్కలోకి తీసుకోవచ్చు. సెక్షన్ 203 ప్రకారం వారంటు లేకుండా అరెస్టు కూడా చేయవచ్చు. కాబట్టి ఊదండి. "ఎంత తాగినవ్? ఎక్కడ తాగినవ్?" అనే ప్రశ్నలకు మాత్రం "పరీక్ష చేయండి సార్, మిగతాది లాయరుతో మాట్లాడాక చెప్తాను" అంటే సరిపోతుంది. అబద్ధం మాత్రం చెప్పకండి, అది తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది.

అధికారికి అనుమానించడానికి తగిన కారణం ఉండాలని కూడా 203 చెబుతుంది. వరుసగా అందరినీ ఆపి ఊదించడం సరైనదేనా అన్న వాదన దానిలోంచే వస్తుంది. ఆ వాదన జడ్జి ముందు చేయాల్సింది, అర్ధరాత్రి బ్యారికేడ్ దగ్గర కాదు.

ఒక తమ్ముడి కథ చెబుతాను. గోడలకు రంగులు వేసే కుర్రాడు. దగ్గుతో బాధపడుతూ పని నుంచి ఇంటికెళ్తున్నాడు. బండి ఎక్కే ముందే రెండు మూతల దగ్గు మందు తాగాడు. ఊదితే మిషన్ మోగింది. భయపడిపోయాడు. రెండోసారి ఊదమంటే ఊదలేదు, గొడవ పెట్టుకున్నాడు. "నేను తాగలేదక్కా, దగ్గు మందు తాగిన గంతే," అని నా ముందు కూర్చుని ఏడ్చాడు. నేను నమ్మాను. కానీ కాగితం మీద ఉన్నది "పరీక్షకు నిరాకరించాడు" అన్న ఒక్క వాక్యం. ఆ రాత్రి ఇంకో పావుగంట ఓపిక పట్టి ఉంటే కేసే ఉండేది కాదేమో.

కొన్ని దగ్గు మందుల్లో, మౌత్‌వాష్‌లో, హోమియో చుక్కల్లో ఆల్కహాల్ ఉంటుంది. అది రక్తంలో పెద్దగా లేకపోయినా కాసేపు నోట్లో నిలిచి మిషన్‌ను మోసం చేస్తుంది. సాధారణంగా 15 నిమిషాల్లో పోతుంది. మీ సంగతి అదే అయితే వెంటనే చెప్పండి, మందు సీసా చూపించండి, నీళ్లతో పుక్కిలించనిమ్మని, 15 నిమిషాలాగి మళ్లీ ఊదించమని అడగండి. చట్టం ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ నమూనాలు తీసుకోవచ్చని చెబుతోంది, కాబట్టి రెండోసారి ఊదించడానికి అడ్డేమీ లేదు. అరెస్టు చేసి స్టేషన్‌కు తీసుకెళ్తే అక్కడ మరోసారి ఊదే అవకాశం ఇవ్వాలని 203లోనే రాసి ఉంది. అది దయ కాదు, మీకు రావాల్సింది.

ఊదేటప్పుడు కొత్త గొట్టం పెట్టమనండి, మీ ముందే కవరు చింపమనండి. తెర మీద వచ్చిన అంకె మీ కళ్లతో చూడండి. మిషన్ నుంచి వచ్చే స్లిప్పు మీద మీ పేరు, బండి నంబరు, తేదీ, సమయం, మిషన్ నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చదవండి. సంతకం పెట్టమంటే చదివాకే పెట్టండి. కాపీ ఇవ్వకపోతే ఫోటో తీసుకోవడానికి అనుమతి అడగండి. తప్పుగా రాసి ఉంటే సంతకం పక్కనే "సమయం తప్పు" అని మీ చేతిరాతతో రాయండి. కోర్టులో నా చేతికి ఆయుధాలు ఇవే. మిషన్ చివరిసారి ఎప్పుడు సరిచూశారన్న కాగితం అడిగే వీలు ఆ నంబరు ఉంటేనే.

అంకె 30 దాటింది. ఇప్పుడు గడియారం చూడండి. అరెస్టు చేస్తే సెక్షన్ 202 ప్రకారం రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ వైద్యుడి చేత పరీక్ష జరగాలి. జరగకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి. ఈ రెండు గంటల నియమం చాలామందికి తెలియదు, ఇదెంత విలువైనదో చెప్పలేను. అరెస్టు సమయం ఎంతని అడగండి, ఇంట్లోవాళ్లకు ఆ సమయంతో సహా ఫోన్‌లో మెసేజ్ పెట్టించండి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, ఇంటివాళ్లకు తెలియజేయాలి, మీకు నచ్చిన లాయరుతో మాట్లాడనివ్వాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది బెయిలబుల్ నేరం. అంటే బెయిలు బతిమాలి తెచ్చుకునేది కాదు, పూచీకత్తు ఇస్తే ఇవ్వాల్సిందే.

ఆడవాళ్ల విషయంలో అదనంగా రెండున్నాయి. రక్తం తీసే డాక్టరు మగవాడైతే మరో మహిళ ఎదుటే తీయాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వకంగా నివేదిక ఇచ్చి, ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి. క్యాబ్ నడిపే అక్కచెల్లెళ్లు ఈ పేరా ఫోన్‌లో దాచుకోండి.

ఇక బండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది బాధ జైలు గురించి కాదు, బండి గురించే. పైన చెప్పిన కుర్రాడి బైకు 37 రోజులు స్టేషన్ ఆవరణలో ఎండకు నిలబడింది. ఆ 37 రోజులూ నిచ్చెన, రంగు డబ్బాలు మోసుకుని బస్సుల్లో తిరిగాడు. తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో దీని మీద స్పష్టంగా చెప్పింది. తాగి నడిపారన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదు. తాగినవాణ్ణి నడపనివ్వకూడదు, అంతే. పక్కన తాగని, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే అతనికి ఇవ్వాలి. లేకపోతే దగ్గరి బంధువుకో స్నేహితుడికో కబురు చేయాలి. ఎవరూ రాకపోతేనే భద్రత కోసం స్టేషన్‌లో ఉంచాలి. ఆర్‌సీ, గుర్తింపు కార్డు, లైసెన్సు చూపిస్తే యజమానికిగానీ అతను పంపిన మనిషికిగానీ తిరిగి ఇచ్చేయాలి. ఇది తెలంగాణ ఆదేశం. ఆంధ్రాలో పట్టుబడితే అక్కడి లాయరును అడగండి, చట్టం సెక్షన్లు మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఆ రాత్రికి ముందే ఒక మనిషిని అనుకుని పెట్టుకోండి. ఫోన్ చేస్తే లేచి వచ్చేవాడు, తాగనివాడు, లైసెన్సు ఉన్నవాడు. అతని నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్ చార్జింగ్ అయిపోయే రాత్రి అది. హైదరాబాద్‌లో ఆ రాత్రి ఫ్లైఓవర్లు చాలావరకు మూసేస్తారు, అతను రావడానికి ఎక్కువ సమయం పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

లైసెన్సు సంగతి వేరు. 185 కేసులో దాన్ని స్వాధీనం చేసుకుని, రద్దు లేదా సస్పెన్షన్ కోసం ఆర్‌టీఓకు పంపే అధికారం ఉంది. రసీదు తప్పకుండా తీసుకోండి. అయితే ఆ రసీదుతో బండి నడపకూడదు. వేరే కొన్ని కేసుల్లో ఇచ్చే రసీదుతో నడపవచ్చు, దీనితో కుదరదు. చాలామంది మర్నాడే డ్యూటీకి వెళ్లి రెండో కేసులో ఇరుక్కుంటారు.

మర్నాడు అంటే గుర్తొచ్చింది. శరీరం ఆల్కహాల్‌ను 100 మిల్లీలీటర్ల రక్తంలో గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే తగ్గిస్తుంది. రాత్రి రెండింటికి 120 దగ్గర ఆపినవాడు ఉదయం ఏడింటికి కూడా 30 పైనే ఉంటాడు. నిద్ర, స్నానం, కాఫీ ఆ అంకెను మార్చవు. కోళ్లు కూసే వేళ పాలకోసం బయల్దేరి దొరికినవాళ్లు నాకు తెలుసు.

కోర్టు రోజు. హైదరాబాద్‌లో అయితే ముందు గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాల్లో కౌన్సెలింగ్‌కు రమ్మంటారు, ఇంట్లో మనిషిని తీసుకుని వెళ్లండి. తర్వాత జడ్జి ముందు "నేరం ఒప్పుకుంటారా?" అని అడుగుతారు. క్యూ తొందరగా కదలాలని "అవును సార్" అనేస్తారు. ఒప్పుకున్నారంటే శిక్ష పడినట్టే, మళ్లీ దొరికినప్పుడు అది రెండో నేరం అవుతుంది. తాగారు, అంకె నిజం, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, అప్పుడు ఒప్పుకోవడమే నిజాయితీ. అనుమానం ఉంటే మాత్రం ఛార్జిషీటు కాపీ కావాలని, లాయరును పెట్టుకోవడానికి సమయం కావాలని జడ్జి గారినే నేరుగా అడగండి. తెలుగులో అడగండి, వింటారు.

లాయరుకు డబ్బులు లేకపోతే కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. వెళ్లేటప్పుడు మిషన్ స్లిప్పు, బండి రసీదు, లైసెన్సు రసీదు, దగ్గు మందు వాడి ఉంటే డాక్టరు చీటీ, అరెస్టు సమయం ఉన్న ఆ మెసేజ్, అన్నీ ఒకే కవర్లో పెట్టి తీసుకెళ్లండి.