రైలు వెతికేటప్పుడు బయలుదేరిన తేదీని చూడండి

వరదల వల్లనో పట్టాల మరమ్మతుల వల్లనో రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమై, దారి మళ్లినప్పుడు, మన బండి ఎక్కడుందో తేల్చుకోవడం పెద్ద అవస్థ. అలాంటప్పుడు టికెట్‌పై ఉన్న అయిదంకెల రైలు నంబరుతో, రైళ్ల రాకపోకలు చూపే రైల్వే వారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో వెతికి, మనం ఎక్కే తేదీని కాకుండా, ఆ రైలు తన మొదటి స్టేషన్‌లో బయలుదేరిన తేదీని ఎంచుకోవాలి. న్యూఢిల్లీ నుంచి వచ్చే 12724 తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను కాజీపేటలో ఎక్కేవారు ముందు రోజు తేదీని చూడాలి. ఎక్కే రోజు తేదీని చూస్తే, అదే నంబరుతో ఆ రోజు న్యూఢిల్లీలో బయలుదేరే మరో బండి వివరాలు కనిపించి అనవసరంగా కంగారు పెడతాయి. దారి మళ్లిన బండి మన స్టేషన్‌కు అసలు రాకపోవచ్చు కనుక, రద్దయిన, మళ్లించిన రైళ్ల జాబితాల్లో కూడా ఆ నంబరును తప్పక వెతకండి. అప్పటికప్పుడు తీసుకునే మార్పులు యాప్‌లో ఆలస్యంగా కనిపించవచ్చు. ప్లాట్‌ఫారం విషయంలో మాత్రం స్టేషన్‌లో వినిపించే ప్రకటననే నమ్మండి.