ఫోను మార్చాలా, వద్దా? మూడో పాఠం: చీటీ చదవడం

పోయిన పాఠంలో వారం రోజులు ఒక చీటీ రాయమన్నాను. ఫోను మీద విసుగు పుట్టిన ప్రతిసారీ టైమెంత, ఏం చేస్తుండగా అన్నది ఒక్క ముక్క. ఆ చీటీ ఇప్పుడు ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు ఇక్కడే ఆగి, రాసుకుని రండి. అది లేకుండా ఈ పాఠం అంటదు.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే అక్క తన చీటీ నాకు చూపించింది. "ఈ ఆండ్రాయిడ్ నాకొద్దు నాయనా, ఐఫోన్ తీసుకుందామనుకుంటా ఉండా" అంది. లెక్కల పుస్తకం చివరి పేజీలో తొమ్మిది లైన్లు. నాలుగు లైన్లు సాయంత్రం ఆరు దాటాక రాసినవే: "చార్జింగ్ అయిపోయింది." మూడు లైన్లు: "ఫోటో దిగలే, జాగా లేదనింది." ఒకటి: "డబ్బులు పడినాయో లేదో చూసేలోపల ఫోను బిగుసుకుపోయింది." చివరిది: "మనవరాలి ఫోటో మసకగా వచ్చింది."

ఇట్లా రాసుకున్నాక ప్రతి లైను పక్కన, తప్పు బ్యాటరీదా, జాగాదా, ఫోనుదా అని గుర్తు పెట్టండి.

బ్యాటరీ ఏ కంపెనీదైనా అరుగుతుంది. మొత్తం నూరు శాతం వాడితే ఒక సైకిల్. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్లకు, 15 నుంచి 1000 సైకిళ్లకు 80 శాతం సామర్థ్యం నిలిచేలా చేశామని ఆపిల్ చెబుతుంది. రోజుకో సైకిల్ వాడే మనిషికి 500 అంటే ఏడాదిన్నర కూడా కాదు. కాబట్టి అక్క నాలుగు లైన్లకు మందు కొత్త బ్యాటరీ. జాగా సంగతి ఇంకా తేలిక. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే పెద్ద వీడియోలన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్క ఫోనులో శుభోదయం వీడియోలే గుట్టలుగా ఉన్నాయి. అవి తీసేశాక బిగుసుకుపోవడం కూడా తగ్గింది.

మార్చక తప్పని కారణం ఒకటుంది, అది చీటీలోకి రాదు. సెక్యూరిటీ అప్‌డేట్, అంటే ఫోనులోకి దొంగలు చొరబడకుండా కంపెనీ పంపే మరమ్మతు, చివరిసారి ఎప్పుడు వచ్చిందో సెట్టింగ్స్‌లో చూడండి. గూగుల్ పిక్సెల్ 8, సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్ల అప్‌డేట్‌లు ఇస్తామన్నారు. తక్కువ ధర ఫోన్లకు చాలావాటికి అంత ఉండదు. అప్‌డేట్‌లు ఆగిపోయిన ఫోనులో బ్యాంకు యాప్ నడపడం నాకు సమ్మతం కాదు. అక్కడ మాత్రం బ్యాటరీకి డబ్బు పెట్టకుండా ఫోనే మార్చండి.

ఇక ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు పోయేవాళ్లకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్, అంటే చాట్ల నకలు, గూగుల్ ఖాతాలో ఉంటుంది, ఐఫోన్‌లో ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్‌లో. ఆండ్రాయిడ్ బ్యాకప్‌ను ఐఫోన్ చదవదు. చాట్లు దాటించాలంటే 'మూవ్ టు ఐఓఎస్' అనే యాప్ ఉంది. అది కొత్త ఐఫోన్‌ను మొదటిసారి సెటప్ చేసేటప్పుడే వాడాలి. నేనది తెలియక ఆత్రంగా సెటప్ ముగించి, పాత ఫోను అదే రోజు దుకాణంలో ఇచ్చేశాను. మా నాయన చివరి ఏడాది పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులో ఉన్నాయి. "అన్నం తిన్యావా" అని అడిగేవి. మళ్లీ దొరకలేదు.

అందుకే ఈ వారం అభ్యాసం: చీటీ వెనక్కి తిప్పి, పాత ఫోనులో పోగొట్టుకోలేనివి ఏవో రాయండి. ఒక్కోటి ఎక్కడ దాచి ఉందో పక్కనే రాయండి. డబ్బు గురించి కంగారొద్దు, అది బ్యాంకులో ఉంటుంది. కానీ కొత్త ఫోనులో యూపీఐ మళ్లీ నమోదు చేసినప్పుడు మొదట్లో పంపే మొత్తానికి పరిమితి ఉంటుంది. పూల మార్కెట్‌కు బాకీ కట్టాల్సిన రోజున ఫోను మార్చకండి. యూపీఐ మళ్లీ ఎట్లా నమోదు చేయాలో నాలుగో పాఠంలో.

అక్క చీటీలో మిగిలింది మనవరాలి ఫోటో ఒక్కటే. కెమెరా అద్దం మీద కుంకుమ మరక ఉంది. తుడిచి, మళ్లీ తీసి పంపమన్నాను.