ప్రయాణాల్లో ఫోటోగ్రఫీ, మూడో పాఠం: గోపాల్‌పూర్ ఒడ్డున ఎండ ఎటు నుంచి?

గత పాఠంలో సముద్రపు గీత ఒరగకుండా ఫ్రేము కట్టడం నేర్చుకున్నాం. ఈసారి వెలుగు సంగతి చూద్దాం.

ఒడిశాలోని బరంపురం నుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లే. దగ్గరే కదా అని చాలామంది టిఫిన్ కానిచ్చి తీరిగ్గా బయల్దేరతారు. నడినెత్తిన ఎండలో తీసిన ఫోటోల్లో ఆకాశం తెల్లగా పాలిపోతుంది, కళ్ల కింద నీడలు పడతాయి. ఒక్క రాత్రి అక్కడే ఉండగలిగితే ఉండండి. ఒక సాయంత్రం, ఒక ఉదయం చేతికొస్తాయి, అవి చాలు.

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం వైపు లేచి ఊరి వెనక దిగుతాడు. పొద్దున నీళ్ల వైపు తిరిగితే ఎండ మీకు ఎదురు, కాబట్టి పడవలూ వలలు మోసే మనుషులూ నల్లటి ఆకారాలుగా పడతారు. సాయంత్రం నాలుగు దాటాక అక్కడే నిలబడితే ఎండ మీ వీపు మీద ఉంటుంది. పడవల రంగులు, ముఖాల్లోని ముడతలు స్పష్టంగా వస్తాయి. అందుకని ఆకారాలు ఉదయం, ముఖాలు సాయంత్రం తీయండి. ఇక్కడి తీరం కాస్త ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు లేచేదీ ఆ వైపే. సూర్యోదయం కోసమే వెళ్లేవాళ్లకు ఆ రోజులు మంచివి.

ఇక కెమెరా సంగతి. అందులో వెలుగును కొలిచే మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. ఎండలో మెరిసే ఇసుక, తెల్లటి నురగ ఫ్రేము నిండా ఉంటే వెలుగు ఎక్కువైందని తగ్గించేస్తుంది. అప్పుడు ఇసుక మురికిగా, మనుషులు నల్లగా వస్తారు. మీటరు లెక్కకు మించి వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. దాన్ని +0.7 నుంచి +1 దాకా పెంచండి. ఫోన్‌లో అయితే ముఖం మీద వేలు నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపండి. ఉదయం ఆకారాలు కావాలంటే ఇది తిరగబడుతుంది: సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద నొక్కి −1 దాకా దించండి. పైకి లేచిన సూర్యుణ్ణి డీఎస్ఎల్ఆర్ కెమెరాకు కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోంచి మాత్రం నేరుగా చూడొద్దు, కళ్లకు ప్రమాదం.

నా దృష్టిలో ఈ సెట్టింగుల కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఒడ్డున పడవల దగ్గర కనిపించే నోలియాల్లో, అంటే చేపలు పట్టేవాళ్లలో, చాలామంది తెలుగువాళ్లే, తరాలుగా అక్కడ ఉంటున్నవాళ్లు. ఒడియా రాదని మొహమాటపడక్కర్లేదు. కెమెరా సంచిలోనే ఉంచి ముందు పలకరించండి: "అన్నా, ఇవాళ చేపలు పడ్డాయా?" రెండు మాటలయ్యాక "ఓ ఫోటో తీసుకోనా?" అనండి. వద్దంటే వదిలేయండి. వల లాగుతున్నప్పుడు తాడుకు అడ్డం పోవద్దు, అది వాళ్ల కూడు. లాగేవాళ్ల చేతులు చెదరకుండా రావాలంటే షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు గానీ అంతకంటే వేగంగా గానీ పెట్టండి.

ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను బయట వెంటనే తెరిస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కాసేపు సంచిలోనే ఉంచి, బయటి వేడికి అలవాటయ్యాక తీయండి. ఒడ్డున లెన్సు మార్చకండి. గదికి రాగానే కెమెరా ఒంటిని కొద్దిగా తడిపిన గుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పోతుంది.

ఈ వారం అభ్యాసం: ఇసుక మీదికి లాగి పెట్టిన పడవ ఒకటి ఎంచుకోండి. మరమ్మతులో ఉన్నదైతే మేలు, రోజంతా కదలదు. సూర్యోదయానికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగున్నరకు ఒకే చోట నిలబడి దాన్నే తీయండి. ప్రతిసారీ −1, 0, +1 తో మూడేసి. ఏ ఫోటోలో చెక్క మీది గీతలు పోయాయో, ఏ ఫోటోలో ఆకాశం పోయిందో పుస్తకంలో రాసుకోండి.

వచ్చే పాఠం లైట్‌హౌస్, పాత రేవు గోడల దగ్గర. రంగూన్‌కు ఓడలు వెళ్లిన రేవు అది. ఉప్పుగాలి తిన్న ఆ గోడల మీద వెలుగు పక్క నుంచి పడితే ఏమవుతుందో చూద్దాం. ఈ తొమ్మిది ఫోటోలు చెరపకండి, అక్కడ మళ్లీ పనికొస్తాయి.