టైమింగ్ సరిచూసే ముందు

విజయనగరంలో మా షెడ్డులోని పాత ఎమ్‌జీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బానెట్ ఎత్తి టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, చూసే ప్రతిసారీ ఇవి చూసుకుంటాను.

• గేరు న్యూట్రల్‌లో, చేతి బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. షెడ్డు తలుపులు బార్లా తెరవండి.

• ముందు పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే స్విచ్చు) గ్యాపు చూడండి: 0.35–0.40 మి.మీ. అది మారితే టైమింగూ మారిపోతుంది.

• ఇంజిన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత తీసి, దాని పక్కనున్న వ్యాక్యూమ్ యూనిట్‌ (ఇంజిన్ పీల్పుతో టైమింగ్ మార్చే డబ్బా) గొట్టాన్ని నోటితో పీల్చండి. లోపలి ప్లేటు కదలాలి. కొసను నాలుకతో మూసి ఉంచినంతసేపూ అక్కడే నిలవాలి. మెల్లగా వెనక్కి జారిందా, లోపలి పొర చిరిగినట్టే. దాన్ని మార్చకుండా ముందుకు వెళ్లవద్దు.

• టైమింగ్ లైటు (నిప్పురవ్వ పడినప్పుడల్లా మెరిసే దీపం) పెట్టేటప్పుడు ఆ గొట్టం విప్పి, ఇంజిన్ వైపు కొసను బిగుతుగా మూయండి. లేకుంటే గాలి చొరబడి ఐడ్లింగ్ తప్పుతుంది.

• కండువా తీసేయండి. లైటు వెలుగులో తిరిగే ఫ్యాను ఆగినట్టే కనిపించవచ్చు. దయచేసి చేయి పెట్టవద్దు.