ఉద్యోగిని విశాఖకు మార్చే ముందు రీలొకేషన్ సంస్థలు చూసుకోవాల్సినవి

ఆర్డర్ రాగానే లారీ బుక్ చేయకండి. ఖర్చుల్లో కంపెనీ భరించేదెంత, ఉద్యోగి పెట్టుకునేదెంత అన్నది ముందే హెచ్‌ఆర్‌తో రాయించుకోండి. చివర్లో పేచీలన్నీ అక్కడే.

ఆఫీసు ఎక్కడో తెలిశాకే ఇల్లు వెతకాలి. రుషికొండ ఐటీ హిల్స్ అయితే మధురవాడ, ఎండాడ. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ అయితే గాజువాక, కూర్మన్నపాలెం. బీచ్ వ్యూ ఆశ చూపించి అచ్యుతాపురం ఉద్యోగిని ఎండాడలో దింపితే, రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు తిరగలేక మీ మీదే ఫిర్యాదు పెడతాడు. పైగా సముద్రం ఎదుట ఇంట్లో ఉప్పుగాలికి ఏసీ, గ్రిల్స్ తుప్పు పడతాయి. ఈ మాట బ్రోకర్లు చెప్పరు, మీరు చెప్పండి.

పిల్లలుంటే స్కూల్ సీటు ఖాయమయ్యాకే ఇంటి అడ్వాన్స్.

అక్టోబర్, నవంబర్‌లో తుపాను హెచ్చరికలు చూడకుండా తేదీ ఇవ్వొద్దు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12నే. సామానుకు ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (దారిలో పాడైతే వర్తించే బీమా) ఉండాల్సిందే.

వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెప్పించండి. ఇక్కడ 12 నెలలు దాటి తిరిగేదైతే రిజిస్ట్రేషన్ మార్చాలి.

ఇంకోటి, హెచ్‌ఆర్‌కు తట్టనిది: ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించడానికి చాలామంది ఒప్పుకోరు. ఇంట్లోవాళ్లను అడిగి, అవసరమైతే ఆషాఢం అయ్యేదాకా సర్వీస్ అపార్ట్‌మెంట్ ఖర్చు కొటేషన్‌లోనే కలపండి.